చెవికి రెప్ప

కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. ధూళి లేచినా, మెరుపు మెరిసినా రెప్ప తనంతట తాను వాలి కంటిని కాపాడుతుంది. అందుకే బిడ్డను కంటికి రెప్పవలె పెంచుకున్నామని తల్లులు చెప్పుకుంటారు. చెవికి అటువంటి భాగ్యం లేదు. నిద్రలో సైతం అది తెరచియే ఉంటుంది. పిడుగు పడినా, వంటింటిలో ఇత్తడి పళ్లెం జారినా వినక తప్పదు.

అయితే ప్రకృతి చెవిని బొత్తిగా దిక్కులేకుండా విడిచిపెట్టలేదు. కర్ణభేరికి వెనుక మూడు చిన్న ఎముకలు గొలుసుకట్టుగా ఉన్నవి. వాటిలో చివరిది గుర్రపు రికాబు ఆకారం గలది; మన శరీరంలోని ఎముకలన్నిటిలోను అదే చిన్నది. దానికి తగులుకొని ఉన్న కండరం కూడ అంతే చిన్నది. పెద్ద చప్పుడు రాగానే ఆ కండరం బిగిసి ఎముక కదలికను కొంత తగ్గిస్తుంది. కాని ఆ బిగింపుకు వ్యవధి కావాలి. కొన్ని పదుల మిల్లీసెకన్ల నుండి నూరు మిల్లీసెకన్ల పైచిలుకు వరకు పడుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యవ వంతు. చటుక్కున వచ్చే చప్పుడు ఆ లోపుననే లోపలికి చేరి తాను చేయదలచిన అపకారం చేసి ముగిస్తుంది.

ఆ అపకారం ఎటువంటిదో తెలిస్తే దాని గౌరవం దానికి ఇస్తాము. లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకున్న గొట్టం ఒకటి ఉన్నది. అందులో సుమారు 15 వేల రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. గాలిలోని కంపనాన్ని నరం గ్రహించగల సంకేతంగా మార్చేది ఆ కణాలే. పక్షుల చెవిలో నశించిన రోమకణాలు మళ్లీ మొలుస్తాయని 1988లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మనిషికి ఆ వరం లేదు. పోయిన కణం పోయినట్లే.

కాబట్టి చెవికి రెప్ప కావలెనంటే మనిషే దానిని తయారు చేసుకోవాలి. ఆ రెప్ప శబ్దం వచ్చిన తరువాత వాలితే ప్రయోజనం లేదు. శబ్దానికంటె ముందే దానికి కబురు అందాలి. ఈ చిన్న సూత్రం చేతికి చిక్కటానికి విద్యుద్ధ్వని శాస్త్రానికి చాలా కాలం పట్టింది. ఆ కథలో ముఖ్యమైన మజిలీలను ఇక్కడ వరుసగా చెప్పుకుందాము.

విద్యుత్తు వలన పుట్టిన శబ్దాన్ని మనిషి మొదట చెవికి ఆనించుకున్నది టెలిఫోనులో. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసే స్త్రీలు దినమంతా చెవికి రిసీవరు తగిలించుకొని కూర్చునేవారు. తీగ మీద పిడుగుపాటు ప్రభావం సోకినా, ఎవరైనా తొందరపాటున మీట నొక్కినా, ఆ ‘టక్కు’ నేరుగా వారి చెవిలోనే పేలేది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం సులభమైనది. వోల్టేజి తక్కువగా ఉన్నంతసేపు విద్యుత్తును దాదాపుగా పోనివ్వక, వోల్టేజి హెచ్చగానే దారి విడిచే వేరిస్టరు అనే వస్తువును రిసీవరుకు అడ్డంగా కలిపారు. మాట మామూలుగానే వినబడుతుంది; పెద్ద టక్కు మాత్రం వేరిస్టరు దారిన పక్కకు పోతుంది. 1950 ప్రాంతంలో అమెరికాలోని ఇళ్లకు వచ్చిన 500 నమూనా టెలిఫోనులో సైతం ఇటువంటి ఏర్పాటు ఉన్నది. చెవికి అమర్చిన తొలి రెప్పలలో ఇది ఒకటి. దానికి ఆలోచన లేదు, ఆలస్యమూ లేదు. ఒక గట్టు కట్టినట్లు నిలబడి ఉంటుంది, అంతే.

రేడియో వచ్చేసరికి సమస్య పెద్దదయింది. 1920లో అమెరికాలోను, 1922లో ఇంగ్లండులోను క్రమబద్ధమైన ప్రసారాలు ఆరంభమైనాయి. సంగీతకచేరీలో గాయకుని గుసగుసకు, వాద్యబృందమంతా కలసి చేసే ఘోషకు మధ్య ఉన్న వ్యత్యాసం అపారం. ట్రాన్స్‌మిటరు అంతటి వ్యత్యాసాన్ని భరించలేదు. ప్రసార తరంగం మీద ధ్వనిని నూటికి నూరుపాళ్లు ఎక్కించవచ్చు. నూటొకటవ పాలు ఎక్కితే శబ్దం పగిలిపోతుంది, పొరుగు స్టేషను దారిలోకి చిమ్ముతుంది. అందుచేత స్టూడియోకూ ట్రాన్స్‌మిటరుకూ మధ్య ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆయన చేతిలో ఒక గుండీ ఉంటుంది. శబ్దం హెచ్చితే తగ్గించటం, తగ్గితే హెచ్చించటం ఆయన విధి.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. బ్రిటిష్ ప్రసార సంస్థలో తొలినాళ్లలో ఈ గుండీ దగ్గర స్వరలిపి చదువగల సంగీతజ్ఞులను కూర్చోబెట్టేవారు. కారణం స్పష్టమే. తాళాలు, భేరులు ఒక్కసారి మ్రోగిన తరువాత గుండీ తిప్పితే దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు అవుతుంది. స్వరపత్రం ఎదుట పెట్టుకున్నవాడికి రాబోయే ఘోష రెండు పంక్తుల ముందే కనబడుతుంది. అతడు నెమ్మదిగా, వినేవారికి తెలియనంత మెల్లగా, గుండీని తగ్గించి సిద్ధంగా ఉంటాడు. భవిష్యత్తు తెలిసిన రెప్ప అతడు. కాని ప్రసంగాలలో ఉన్నట్టుండి వచ్చే దగ్గుకు, మైక్రోఫోనుకు తగిలే చేతికి స్వరపత్రం ఉండదు గదా!

స్టూడియోలో సంగతి ఇట్లుండగా, వినేవారి ఇళ్లలో మరొక చిక్కు ఉండేది. ఆనాటి సెట్టులో దూరపు స్టేషనును పట్టుకోవాలంటే గుండీని బాగా హెచ్చించవలసివచ్చేది. ఆ స్థితిలో ముల్లు తిప్పుతూ తిప్పుతూ దగ్గరి స్టేషను మీదకు వస్తే గది అదిరిపోయేది. ఒళ్లో నిద్రపోతున్న పిల్ల ఉలిక్కిపడి లేచేది. అమెరికాలో హెరాల్డ్ వీలర్ అనే యువ ఇంజనీరు 1925లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. వచ్చిన సంకేతపు బలాన్ని సెట్టే కొలిచి, ఆ కొలతను వెనుకకు పంపి, ముందున్న వాల్వుల పెంపును తగ్గిస్తుంది. బలమైన స్టేషను వస్తే పెంపు తగ్గుతుంది. బలహీనమైనది వస్తే పెరుగుతుంది. 1929లో ఫిల్కో కంపెనీ 95వ నమూనా సెట్టులో ఇది బజారులోకి వచ్చింది. తరువాత వచ్చిన రేడియో సెట్లలో ఇది సర్వసాధారణమయింది. మన ఇళ్లలో రేడియో పెట్టుకున్న ఎవరమూ దాని పేరు ఎరుగము. దాని మేలు మాత్రం అనుభవించాము.

వీలర్ ఉపాయాన్ని ప్రసారకేంద్రంలో పెడితే గుండీ దగ్గరి మనిషికి ఒక సహాయకుడు దొరికినట్లే. 1937లో వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ 110-ఏ అనే యంత్రాన్ని, మరుసటి ఏడు ఆర్.సి.ఎ. కంపెనీ 96-ఏ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టాయి. ధ్వని ఒక హద్దు దాటబోతే ఈ యంత్రం దానిని అణచివేస్తుంది. అందుకే దీనికి ‘లిమిటరు’ అని పేరు. మనిషి చెయ్యి కదలటానికి పట్టే కాలంలో ఇది పదులసార్లు పని ముగిస్తుంది. కంటికి కొలత చూపే ముల్లు కూడ ఆలస్యమే. 1939లో అమెరికా ప్రసార సంస్థలు ఒప్పుకున్న ‘వి.యు.’ మీటరు ముల్లు తన చోటికి చేరటానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. చటుక్కున వచ్చి పోయిన శబ్దాన్ని ఆ ముల్లు సగమైనా చూడలేదు.

ఇంతకూ ఈ లిమిటరును ఎవరి చెవికోసం చేశారు? నిజం చెప్పాలంటే ఎవరి చెవికోసమూ కాదు. ట్రాన్స్‌మిటరును కాపాడటానికి చేశారు. దానితోపాటు మరొక లాభం కూడ కనబడింది. పెద్ద శబ్దాలు హద్దు దాటవని భరోసా ఉంటే, మిగిలిన కార్యక్రమాన్నంతా కొంచెం హెచ్చుగా ప్రసారం చేయవచ్చు. సగటు స్థాయి 3 డెసిబెల్‌లు పెరిగితే ట్రాన్స్‌మిటరు శక్తి రెట్టింపయినంత ఫలం. శబ్దానికి పగ్గం వేయటానికి పుట్టిన యంత్రమే శబ్దాన్ని పెంచే సాధనమూ అయింది. ఈ రెండు బుద్ధులు నాటినుండి నేటివరకు దానిని వదలలేదు.

యంత్రాలకు కూడ ప్రాణగండాలు ఉన్నవి. 1925లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపొందించిన లౌడుస్పీకరులో అయస్కాంతపు సందున ఒక సన్నని తీగచుట్ట వ్రేలాడుతూ, కాగితపు శంకువును ముందుకు వెనుకకు నెడుతుంది. నేటి స్పీకరులోని మూలసూత్రమూ అదే. దానికి చావు రెండు విధాల వస్తుంది. పెద్ద తోపు వస్తే చుట్ట తన సందు దాటి బయటికి దూకి, శంకువు చిరుగుతుంది. శక్తి ఎక్కువసేపు పారితే చుట్ట వేడెక్కి మాడిపోతుంది. గ్రామఫోను రికార్డుల మీద గాడి చెక్కే సూదిమొనకు సైతం ఇదే గండం. దాని వెల మాత్రం స్పీకరు వెలకు ఎన్నోరెట్లు. అటువంటి చోట వాడుకకు 1959లో రైన్ నార్మా అనే ఇంజనీరు ఫెయిర్‌చైల్డ్ 670 అనే లిమిటరును తయారు చేశాడు. 20 వాల్వులు, 30 కిలోల బరువు. అన్నిటికంటె చురుకైన అమరికలో అది సెకనులో 5 వేలవ వంతులో మేల్కొంటుంది. వాల్వుల యుగంలో ఇంతకంటె చురుకుదనం ఆశించటం కష్టం. అయినా ఆ 5 వేలవ వంతు ఉండనే ఉన్నది. అలను చూచిన తరువాతనే అది చెయ్యి ఎత్తుతుంది. అల మొదటి అంచు దాటిపోతుంది.

ఇక కంప్యూటరు దగ్గరికి వద్దాము. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ వ్రాసిన కార్యక్రమం ఐ.బి.ఎం. 704 యంత్రం చేత 17 సెకన్ల పాట ఒకటి పలికించింది. నాటినుండి సంగీతం అంకెల వరుస అయింది. సి.డి. మీద ఒక సెకను సంగీతానికి ఒక్కొక్క ప్రక్కకు 44,100 అంకెలు. ప్రతి అంకె 32,767కు మించదు, మైనస్ 32,768కి తగ్గదు. హద్దు పుట్టుకతోనే ఉన్నది.

కాని సంగీతం కూర్చే నేటి సాఫ్ట్‌వేరు లోలోపల లెక్కలు వేసే అంకెలు వేరు రకంవి. వాటిలో దశాంశ బిందువు అవసరాన్ని బట్టి జరుగుతుంది. 1985లో స్థిరపడిన ప్రమాణం ప్రకారం ఆ అంకె, 34 తరువాత 37 సున్నలు పెట్టినంత పెద్దది కావచ్చు. స్పీకరు పూర్ణస్థాయిని 1 అనుకుంటే, ఈ అంకె దానికి 770 డెసిబెల్‌లు పైన ఉంటుంది. ఇది కూర్పరికి గొప్ప స్వేచ్ఛ; లెక్క మధ్యలో ఎక్కడా శబ్దం పగలదు. ట్రాన్స్‌మిటరుకు ఉన్న గట్టు ఇక్కడ లేదు. స్వేచ్ఛతోపాటు ప్రమాదమూ వచ్చింది.

ప్రమాదం ఎట్లా వస్తుందో రెండు లెక్కలు చాలు. కూర్పరి 0.1 అని టైపు చేయబోయి పొరపాటున 10 అని కొట్టాడనుకుందాము. శబ్దం నూరు రెట్లు, అంటే 40 డెసిబెల్‌లు హెచ్చింది. మరొకటి: ప్రతిధ్వని కోసం శబ్దాన్ని మళ్లీ మొదటికి పంపేటప్పుడు, ఒక్కొక్క చుట్టుకు పదో వంతు పెరిగేటట్లు పొరపాటు జరిగింది. చుట్టుకు పది మిల్లీసెకన్లు పడితే సెకనులో నూరు చుట్లు. సెకను ముగిసేసరికి శబ్దం 13,780 రెట్లయింది. అంటే 83 డెసిబెల్‌లకు కొంచెం తక్కువ. చెవికి హెడ్‌ఫోను తగిలించుకున్నవాడు గుండీ వైపు చెయ్యి చాచేలోపల ఇదంతా జరిగిపోతుంది. శబ్దం వినబడుతూ ఉండగానే ఆదేశాలు వ్రాసి మార్చే సాఫ్ట్‌వేరులో ఇటువంటి పొరపాట్లు అరుదేమీ కావు.

ఇంతకంటె మాయావి ఇంకొకటి ఉన్నది. సున్నను సున్నతో భాగించమంటే కంప్యూటరు ఏమి చెప్పాలి? ఆ 1985 ప్రమాణం దీనికి ‘సంఖ్య కానిది’ అనే గుర్తును ఏర్పరచింది. ఆ గుర్తు ఒకసారి లెక్కలో ప్రవేశిస్తే దానితో కలిసిన ప్రతి ఫలితమూ సంఖ్య కానిదే అవుతుంది. తన పాత ఫలితాన్ని జ్ఞాపకం పెట్టుకొని పనిచేసే ఫిల్టరులో అది పడితే, కడిగివేసేవరకు అక్కడే ఉంటుంది. ఇప్పుడు అమాయకమైన లిమిటరు ఒకటి ద్వారం దగ్గర కావలి ఉన్నదనుకుందాము. ‘నీవు 1కి మించినవాడవా?’ అని అడుగుతుంది. కాదు. ‘మైనస్ 1కి తక్కువవాడవా?’ కాదు. సంఖ్య కానిదానిని దేనితో పోల్చినా సమాధానం కాదనే. అట్లయితే పొమ్మని కావలివాడు దారి విడుస్తాడు. అది స్పీకరు వైపు మామూలు అంకెగా మారేటప్పుడు మౌనమే అవుతుందో, పూర్తి బలంతో వచ్చిన దెబ్బే అవుతుందో ఆ యంత్రాన్ని బట్టి ఉంటుంది. అందుచేత తెలిసినవారు లిమిటరుకు ముందే ‘నీవు అసలు సంఖ్యవేనా?’ అని అడిగే పరీక్షను పెడతారు.

ఇన్ని ప్రమాదాలు తెచ్చిన కంప్యూటరే మరొక చేతితో గొప్ప ఉపకారం చేసింది. అంకెలను దాచిపెట్టుకోవటం దానికి సులభం. శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆపి ఉంచి, ఆ వ్యవధిలో రాబోయేదానిని పరిశీలించి, పెద్ద అల వచ్చేలోపుననే స్థాయిని మెత్తగా తగ్గించవచ్చు. 1994లో వేవ్స్ కంపెనీ ఎల్-1 అనే లిమిటరు సాఫ్ట్‌వేరు ఈ పద్ధతిని సంగీత స్టూడియోలలో ప్రచారంలోకి తెచ్చింది. జేమ్స్ మెకార్ట్నీ 1996లో విడుదల చేసిన సూపర్‌కొలైడర్ అనే సంగీతభాషలోని లిమిటరు, మనం మార్చకపోతే, 10 మిల్లీసెకన్లు ముందు చూస్తుంది. అందుకు మూల్యంగా శబ్దం 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికి వస్తుంది.

ఈ ఆలస్యాన్ని కొందరు సంగీతకారులు విసుక్కుంటారు. మీట నొక్కిన క్షణానికి స్వరం పలకాలని వారి కోరిక, అది న్యాయమే. కాని ఈ కథ మొదటినుండి చూచినవారికి ఆ 20 మిల్లీసెకన్లు ఏమిటో అర్థమవుతుంది. స్వరపత్రం ఎదుట పెట్టుకొని రెండు పంక్తులు ముందు చూచిన ఆ పాత సంగీతజ్ఞుడే మళ్లీ వచ్చి గుండీ దగ్గర కూర్చున్నాడు. వాల్వుల లిమిటరు అతనికంటె వేగంగా పనిచేసింది, కాని అతనికి ఉన్న ముందుచూపు దానికి లేదు. వేగమూ ముందుచూపూ రెండూ ఒకచోట చేరటానికి చాలా కాలం పట్టింది.

ఈ చరిత్ర మన ఇళ్లకు చెప్పే పాఠం లేకపోలేదు. నేడు ఎన్నో ఇళ్లలో పిల్లలు కంప్యూటరు ముందు కూర్చొని, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని, తమంత తాము పాటలు కూర్చుకుంటున్నారు. సంతోషించవలసిన విషయమే. వారికి మనం చెప్పవలసిన మాటలు కొద్ది. రెప్పను చివరి ద్వారం దగ్గర పెట్టాలి. పొరపాటు ఏ గదిలో పుడుతుందో ఎవరికీ తెలియదు; కాని ప్రతి శబ్దమూ ఆ ఒక్క ద్వారం నుండే బయటికి రావాలి. ఆ ద్వారం దగ్గర మొదట సంఖ్య కానిదానిని ఏరివేసే పరీక్ష, తరువాత ముందుచూపు గల లిమిటరు, దాని వెనుక దేనినైనా హద్దు దగ్గర కత్తిరించే మొండిగోడ. ఈ మూడూ కలసి కూర్పరి పనికి అడ్డురావు.

అయితే లిమిటరుకు అంకె తెలుసును గాని చెవి తెలియదు. అది 1కి మించనివ్వదు, నిజమే. మనం వింటున్న సంగీతం 0.1 దగ్గర ఉంటే, హద్దు దాటకుండానే పది రెట్ల దెబ్బ, అంటే 20 డెసిబెల్‌లు, తగలవచ్చు. ఆంప్లిఫయరు గుండీ పూర్తిగా తిప్పి ఉంటే ఆ హద్దే చెవికి హానికరం. కాబట్టి కొత్త ప్రయోగం చేసేటప్పుడు హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, గుండీని సున్నకు దించి, అక్కడినుండి మెల్లగా హెచ్చించటం మంచి అలవాటు. ఎంతసేపు వినవచ్చునో లెక్క కూడ ఉన్నది. కార్మికుల ఆరోగ్యం కోసం అమెరికాలో 1998లో చేసిన సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌ల ధ్వనిని దినానికి 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ గడువు సగమవుతుంది: 88కి 4 గంటలు, 100కు 15 నిమిషాలు. ప్రపంచంలో 110 కోట్లమంది యువతీయువకుల వినికిడి ఇటువంటి అలవాట్లవలన ప్రమాదంలో ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో హెచ్చరించింది.

మాడిన స్పీకరుకు మరొకటి కొనవచ్చు. తీగచుట్ట మార్చి బాగుచేసే మనిషి బజారులో దొరుకుతాడు. రోమకణాలకు అటువంటి బజారు లేదు. టెలిఫోనులోని వేరిస్టరు నుండి కంప్యూటరులోని లిమిటరు వరకు ఈ రెప్పలను ఎక్కువగా యంత్రాలకోసమే చేసుకున్నాము. వాటి నీడన చెవి బ్రతికింది. ఇకమీదట చెవికోసమే ఆ రెప్పను వేసుకోవటం నేర్చుకుంటే, సంగీతం కూర్చే పిల్ల ముప్పది ఏండ్ల తరువాత కూడ తన పాటను తానే వినగలుగుతుంది.